బోణీ చేసిన కీబోర్డు

గంధం దొరబాబు నా బావమరిది. అతని మీద నాకున్న ఫిర్యాదు ఇది: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, పదిమంది ముందు, నా భార్య నోట్లో నా మాటలు కూరుతున్నానని అన్నాడు. అని ఊరుకోలేదు, రుజువు చేశాడు. అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. నిజం చెప్పాడు కాబట్టే ఇప్పటికీ అతను ఎదురుపడితే చొక్కా గుండీలు సర్దుకుంటున్నట్టు నటిస్తాను.

నా పేరు కొప్పిశెట్టి బులిరాజు. తొమ్మిదో తరగతి సగంలో మానేశాను. మాన్పించారు అనడం సబబు. అది వేరే కథ, దానికీ ఒకరి పేరుంది, ఇక్కడ ఎత్తను. పెద్దాపురంలో రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు టైపు చేస్తాం. బోర్డు మీద పేరు నాదే అయినా చెయ్యి మా ఆవిడ మంగతాయారుది. ఆమె తెలుగు టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసైంది. స్టాంపు కాగితాలు మడతపెట్టుకుని బతికే నాకు టైపు నేర్పింది ఆమే. "మీ చిటికెన వేలు నిద్రపోతోంది, లేపండి" అని స్కేలుతో ఒక్కటిచ్చేది. అప్పటికి మాకింకా పెళ్లి కూడా కాలేదు.

ఈ గొడవ మొదలవడానికి ఏడాది ముందు, ఒకరోజు పొద్దున పదకొండు గంటలకి, దానపత్రం మధ్యలో ఆమె చెయ్యి ఆగింది. 'నా కుమార్తె అయిన' వరకు కొట్టి, ఆ కుమార్తె పేరు కొట్టకుండా పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి సగం దక్కింది. మాట దక్కలేదు, 'అదే' అన్న ఒక్క ముక్క తప్ప. మంచినీళ్లు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే, నా మొహం చూసి ఒళ్లు మండినా అదే. డాక్టరు పెన్ను ఇచ్చి చూశాడు, వంకర గీత తప్ప రాలేదు. నేను షాపులో నాలుగు వందల యాభై రూపాయల కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. వేళ్లు అలవాటుగా లేచాయి. అక్షరం వైపు బయలుదేరాయి. సగం దారిలో వాలిపోయాయి.

ఆ సగం దారి చూశాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. వాళ్లనీ వీళ్లనీ అడగ్గా అడగ్గా, ఏడాది గడిచేసరికి, కాకినాడలో ఒకావిడ ఉందని తెలిసింది.

డాక్టర్ హైమావతి గారి ప్రయోగశాల అంటే పెద్ద మేడ అనుకున్నాను. మందుల షాపు పైన మూడు గదులు. ఒక గదిలో వైర్లు, ఒక గదిలో విరిగిన కుర్చీలు, మూడో గదిలో ఆవిడ. తాయారు వేళ్లని ఒక నల్లటి పలక మీద పెట్టించి పావుగంట చూసింది. పలకకి పైన చిన్న తెర, దాని దిగువన మీటలున్నాయి, నొక్కితే కదలవు. వాటి కింద చర్మంలాంటి పొర ఉంది.

"మీ ఆవిడ ఎన్నేళ్లు టైపు కొట్టారండీ?"

"ఇరవై ఏడేళ్లండి. నాకు నేర్పిందీ ఆవిడే."

"అదృష్టం. మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతింది. మామూలుగా అయితే రాతా దాంతోనే పోతుంది. ఇన్నేళ్లు రోజంతా కొట్టారు కాబట్టి ఈవిడ వేళ్లకి విడిగా ఒక కాలిబాట పడింది. అది పూర్తిగా మూసుకుపోలేదు. వేలు కదలాలనుకున్నప్పుడు చిన్న కరెంటు పుడుతుంది. వేలు చేరకపోయినా ఆ కరెంటు చాలు, ఈ పొర పట్టుకుంటుంది. ఎటు బయలుదేరిందో చూసి అక్షరం వేస్తుంది."

"ఎంతండీ?"

"తొమ్మిది లక్షల అరవై వేలు."

నేను ఇరవై ఆరేళ్లలో పద్నాలుగు కీబోర్డులు అరగదీశాను. అన్నీ కలిపినా ఏడు వేలు కావు.

"దాంతో కారు కూడా ఇస్తారాండీ?" అన్నాను.

"కారు మాట్లాడదు కదండీ" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

నలభై అయిదు రోజులు ఉంచుకుని చూడొచ్చు. నచ్చితే డబ్బు, లేకపోతే వస్తువు. ఇచ్చేటప్పుడు ఆవిడ రెండు సంగతులు చెప్పింది. ఒకటి, రోజుకి రెండు వందల మాటలు మించనివ్వకండి, నరం అలిసిపోతుంది, జ్వరం వస్తుంది. రెండోది, ఈ పొర ఒక్కసారే నేర్చుకుంటుంది, పచ్చి సిమెంటు మీద అడుగు పడ్డట్టు. రోజుకో గంట చొప్పున మొదటి తొమ్మిది గంటలూ ఆవిడ చెయ్యే పడాలి, పరాయి చెయ్యి పడకూడదు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను. విన్నాను కూడా. విన్నవాడు అర్థం చేసుకోవాలని ఎక్కడా లేదు.

దొరబాబు ఆ సాయంత్రమే వచ్చాడు. పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావా, నిజం చెప్పు. ఇది కొనాలంటే అక్క పొలం అమ్మాలి కదా?"

"ఇంకేముంది నా దగ్గర అమ్మడానికి?"

"ఏడాది దాటి సైగలతో నడిచింది. ఇంకా నడవదా?"

"నీకు నడిచింది. వారానికోసారి వచ్చి అరటిపళ్లు ఇచ్చి పోతావు."

పొలం నలభై ఒకటిన్నర సెంట్లు, తాయారుకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. అలాంటి భూమి అమ్మాలంటే మా వైపు అన్నదమ్ములు సాక్షి సంతకం పెట్టడం ఆనవాయితీ. చట్టంలో లేదు, కానీ ఆ సంతకం లేని దస్తావేజుని కొనేవాడు అనుమానంగా చూస్తాడు.

"అక్క అమ్ముతానని చెప్పనీ" అన్నాడు దొరబాబు. "నోటితో కాకపోతే వేలితో. మర్నాడే సంతకం పెడతా. నువ్వు చెబితే మాత్రం పెట్టను."

మర్నాడు శుక్రవారం. మా టైపు షెడ్లలో ఒక పద్ధతుంది. కొత్త మిషను వస్తే పసుపు రాసి, బొట్టు పెట్టి, షాపు యజమాని శ్రీరామ కొట్టాలి. ఆ మీదట ఒక పూర్తి కాగితం తీసి బోణీ చేయాలి. చేయని మిషను పక్క షెడ్డు వాళ్లకి కలిసొస్తుందంటారు. నాకు హైమావతి గారి మాట గుర్తుంది. కానీ పరాయి చెయ్యి అంది కదా, మొగుడి చెయ్యి పరాయిది ఎలా అవుతుంది అనుకున్నాను. శ్రీరామ కొట్టాను. మీట కదలకపోయినా తెర మీద అక్షరం పడుతుంటే ముచ్చటేసి ఒక క్రయ దస్తావేజు మొత్తం కొట్టాను. అది కాగానే ఇంకోటి. గంట దాటింది. తాయారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని "అదే, అదే" అంది. కంగారు పడకు, నీ వంతు వస్తుంది అన్నాను.

ఆ తర్వాత రోజుకో గంట చొప్పున ఆమె వేళ్లు పెట్టించాను. మూడో రోజున, కాఫీ ఇస్తూ, "తాగుతావా?" అని అడిగాను. తెర మీద పడింది:

'సమ్మతమే.'

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఏడాది తర్వాత ఇంట్లో ఒక మాటకి ఇంకో మాట బదులొచ్చింది. ఆ గ్లాసు చుట్టూ చీమలు చేరేదాకా నాకు స్పృహ లేదు.

"నొప్పిగా ఉందా?"

'ఎట్టి ఇబ్బందియు లేదు.'

"నామీద కోపమా?"

'ఎట్టి అభ్యంతరమూ లేదు.'

మనిషి ఇన్నేళ్లు దస్తావేజులే కొట్టింది, ఆ భాషే వేళ్లలో మిగిలింది, అంతే కదా అనుకున్నాను. పొలం సంగతి కూడా అడిగాను. 'స్వబుద్ధితో, పూర్తి సమ్మతితో, ఎవరి బలవంతమూ లేకుండా' అని వచ్చింది. ఆ పది రోజులూ నేను పడ్డ సంతోషం ఎవరికీ చెప్పుకోలేనిది. ఆమె మాత్రం పడలేదు. గంట అయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది. పలకని ఎడమ చేత్తో నెట్టేసేది. నేను మళ్లీ ముందుకు లాగేవాణ్ణి. మొదట్లో అందరూ అంతే, అలవాటవుతుంది అని హితవు చెప్పేవాణ్ణి. ఆమె కళ్లు చూడాలని తోచలేదు. తెర చూస్తూ కూర్చున్నాను.

పన్నెండో రోజున రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాం. కొనేది పక్క చేను నల్లమిల్లి వీర్రెడ్డి గారు. దొరబాబు కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. సబ్ రిజిస్ట్రారు గారు మంచాయన. తాయారుని కుర్చీలో కూర్చోబెట్టించి, మెల్లగా, "అమ్మా, ఈ పొలం మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా?" అని అడిగారు.

తెర మీద టకటకా పడింది. 'నా స్వబుద్ధితో, పూర్తి సమ్మతితో, ఎవరి బలవంతమూ లేకుండా శాశ్వత విక్రయము చేయుచున్నాను.'

నేను చుట్టూ చూశాను, ఎవరెవరు చూస్తున్నారో అని. దొరబాబు తెర చూడటం లేదు. వాళ్లక్క మొహం చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం సార్. అక్కా, చిన్నప్పుడు నన్ను ఏమని పిలిచేదానివి?"

ఆమె వేళ్లు కదిలాయి. గట్టిగా కదిలాయి. తెర మీద వచ్చింది: 'సదరు గంధం దొరబాబు, కీర్తిశేషులు వెంకన్న గారి కుమారుడు.'

గుమాస్తాలు నవ్వారు. వీర్రెడ్డి గారు కూడా మీసం చాటున నవ్వారు.

"మా అక్క నన్ను జన్మలో సదరు అనలేదు సార్" అన్నాడు దొరబాబు. అతను నవ్వలేదు. "అక్కా, నీకేం కూర ఇష్టం?"

'దిగువ షెడ్యూలులో వివరించిన మేరకు.'

"ఇది మా అక్క మాట కాదు. మా బావ రాసే దస్తావేజు. ఆవిడ నోట్లో నీ మాటలు కూరుతున్నావు బావా."

తాయారు ఎడమ చేత్తో బల్ల మీద కొట్టింది. "అదే" అంది. ఇంకోసారి కొట్టింది. "అదే. అదే." ఆ 'అదే' ఒక్కటీ ఆఫీసులో అందరికీ అర్థమైంది. చివరికి నాకు కూడా.

సబ్ రిజిస్ట్రారు గారు కాగితాలు సర్ది నా వైపు జరిపారు. "బులిరాజు గారూ, మీరు మాకు పాతికేళ్లుగా తెలుసు. అందుకని మర్యాదగా చెబుతున్నాను. ఇవి తీసుకెళ్లండి."

మా షెడ్డుకి రోడ్డు దాటితే చాలు. ఆ రోడ్డు అంత వెడల్పుందని అప్పటిదాకా తెలియదు.

కాకినాడలో హైమావతి గారు పొరని ఒక పెట్టెలో పెట్టి చూసింది. ఎక్కువసేపు చూడలేదు.

"మొదటి గంట ఎవరి చెయ్యండీ?"

నేను పసుపు సంగతి, బోణీ సంగతి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"వేరే ఎవరి చెయ్యి పడినా ఈవిడ వేళ్లు కలవక తప్పులొచ్చేవి, పొర మొరాయించేది, ఆ రోజే తెలిసిపోయేది. మీకు టైపు నేర్పింది ఈవిడే కదా. మీ ఇద్దరి వేళ్ల నడకా ఒకటే. అందుకని పొర తేడా పట్టలేదు. ఈవిడ బయలుదేరితే మీరు ఎక్కడికి వెళ్తారో అక్కడికి తీసుకెళ్లి దింపింది."

"మరి తను చెప్పాలనుకున్నవి?"

"పోయాయండి. పది రోజులు, రోజుకి రెండు వందలు. అంత జ్వరంతో అన్నవన్నీ పోయాయి."

నాకు చదువు లేదని ఎవరైనా అంటే ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ రోజు అనడానికి కూడా ఎవరూ లేరు. తాయారు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పొర చెరపడానికి వీల్లేదు, కొత్తది వేయాలి. దానికి ఇంకో ఎనభై రెండు వేలు. నలభై అయిదు రోజులయ్యాక మొత్తం కలిపి ఇవ్వొచ్చు అంది హైమావతి గారు. కానీ షరతు పెట్టింది. ఈ తొమ్మిది రోజులూ ప్రయోగశాలలోనే. నేను ఆ గదిలోకి రాకూడదు.

"నేను మొగుణ్ణండీ."

"ఆ ముక్క మీద నమ్మకంతోనే ఒక పొర పాడైందండీ."

తొమ్మిది రోజులు పొద్దున మొదటి బస్సుకి తీసుకెళ్లి, మందుల షాపు మెట్ల మీద కూర్చున్నాను. మొదటి నాలుగు రోజులూ తెర మీద ఏమీ పడలేదని హైమావతి గారు చెప్పింది. అయిదో రోజు పిచ్చి అక్షరాలు. ఆరో రోజు దొరబాబు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. రెండు టీలు తెచ్చాడు. నేను తాగలేదు. రెండూ అతనే తాగాడు.

"బావా, ఆ రోజు బయటికి పిలిచి చెప్పాల్సింది" అన్నాడు.

"ఆ. చెప్పాల్సింది."

"చెబితే వినేవాడివా?"

వినేవాణ్ణి కాదని ఇద్దరికీ తెలుసు. అది కూడా అతని మీద నాకున్న కోపంలో ఒక భాగం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం హైమావతి గారు పై మెట్టు మీద నిలబడి పిలిచింది. చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్లాను. తాయారు పలక ముందు కూర్చుని ఉంది. నేను ఏమీ అడగలేదు. మొదటిసారి అడగకుండా నిలబడ్డాను. చాలాసేపటికి ఒక్కొక్క అక్షరమే పడింది, మధ్యలో తప్పులతో:

'కాఫీలో పంచదార ఎక్కువేస్తున్నారు. పద్నాలుగు నెలలుగా.'

ఆమె ఊపిరి తీసుకుని మళ్లీ వేళ్లు పెట్టింది.

'మొన్నటిదాకా మాట్లాడింది నేను కాదు.'

"తెలుసు" అన్నాను.

'మీరు సంతోషపడ్డారు. అదే నాకు కష్టంగా ఉంది.'

ఇది దస్తావేజులో ఎక్కడా రాదు. ఇరవై ఆరేళ్లలో నేను కొట్టిన ఏ కాగితంలోనూ ఈ వాక్యం లేదు. అది ఆమెదే అని చెప్పడానికి నాకు రిజిస్ట్రారు అక్కర్లేదు.

దొరబాబు నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసింది.

'బుడంకాయ్. ఇస్త్రీ చొక్కా వేసుకొస్తావు. జుట్టు దువ్వవు.'

నలభై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, మందుల షాపు పైన నిలబడి జుట్టు సర్దుకున్నాడు. తర్వాత మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గడువు ఇంకా పంతొమ్మిది రోజులు ఉండగా ఇల్లు చేరాం. ఇక పొలం మాట. నేను ఈసారి వెనక్కి తగ్గాను. పది రోజుల మాటలు పారబోసినవాణ్ణి, ఆమె పుట్టింటి నేల కూడా నా చేత్తో పారబోయడం ఇష్టం లేకపోయింది.

"తిరిగి ఇచ్చేద్దాం తాయారూ" అన్నాను. "పంతొమ్మిది రోజులు మాట్లాడుకుందాం, చాలు. అంత ఖరీదు ఒక కీబోర్డుకి పెట్టడం మనలాంటి వాళ్లు చేసే పని కాదు."

'పొలం ఎవరిది?'

"నీదే."

'మరి లెక్క మీరెందుకు కడుతున్నారు?'

ఆమె రెండు రోజులు ఆలోచించింది. ఆ రెండు రోజులూ ఒక్క మాట కొట్టలేదు. వీధి వైపు కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఒకసారి పలక దగ్గరికి వచ్చి, 'తిరక్కండి' అని కొట్టి మళ్లీ వెళ్లి కూర్చుంది. ఉంచుకుంటుందా, తిప్పి ఇచ్చేస్తుందా అన్నది ఆమె మొహంలో తెలియలేదు. తిప్పి ఇచ్చేస్తే మళ్లీ 'అదే' ఒక్కటే మిగులుతుంది, ఇద్దరం పోయేదాకా. నాకు అడగాలని నాలుక దురద పెట్టింది. అడగలేదు.

మూడో రోజు పొద్దున కొట్టింది: 'వీర్రెడ్డి గారిని పిలవండి. ధర నేను మాట్లాడతాను.'

వీర్రెడ్డి గారు పాత ధరకే సిద్ధపడి వచ్చారు, సెంటు ఇరవై నాలుగు వేలకి. కాలవ దూరమని, మట్టి ఉప్పుదని, రేట్లు పడిపోయాయని పావుగంట చెప్పారు. అంతా విని ఆమె కొట్టింది: 'ఇరవై ఆరు.'

ఆయన కోడలి పురుడు ఖర్చులు, ట్రాక్టరు రిపేరు ఇంకో పావుగంట చెప్పారు.

'ఇరవై ఆరు.'

"మనిషి మాట్లాడితే తగ్గించుకోవచ్చు, మిషనుతో ఏం బేరమమ్మా" అన్నారు ఆయన, కండువా దులుపుకుంటూ.

'మట్టి ఉప్పుదైతే మీ చేనులో చెరుకెలా పండింది?'

వీర్రెడ్డి గారు నావైపు చూశారు. నేను సీలింగు వైపు చూశాను. ఇరవై ఆరుకి ఒప్పుకున్నారు. సెంటుకి ఆ రెండు వేల తేడాతో నేను పాడుచేసిన పొర డబ్బులు వచ్చేశాయి. ఆమె అది ముందే లెక్క కట్టుకుంది, నాకు చెప్పలేదు.

దస్తావేజు నేనే కొట్టాను, నా పాత నాలుగు వందల యాభై రూపాయల దాని మీద. ఆమె చదివి రెండు తప్పులు వేలితో చూపించింది. దిద్దాను.

మళ్లీ అదే సబ్ రిజిస్ట్రారు గారు, అదే కుర్చీ. ఈసారి నన్ను ఎడంగా, తలుపు దగ్గర నిలబెట్టారు.

"అమ్మా, మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా? ఎవరైనా బలవంతం చేశారా?"

మెల్లగా పడింది. అందరూ తెర మీదికి వంగారు.

'మా ఆయన చేశారు. పది రోజులు. తెలియక చేశారు. నేను లొంగలేదు.'

ఆఫీసంతా తిరిగి నన్ను చూసింది. నేను గుండీలు వెతుక్కున్నాను.

"మరి ఇప్పుడు?"

'ఇప్పుడు నేనే అమ్ముతున్నాను. ఈ మాట చెప్పడానికైనా ఇది కావాల్సి వచ్చింది కదండీ.'

సబ్ రిజిస్ట్రారు గారు కాసేపు ఆ వాక్యం చూశారు. పెన్ను తీసి సంతకం పెట్టారు. దొరబాబు సాక్షి సంతకం పెట్టి, తండ్రి పేరు రాసే చోట ఆగి, వాళ్లక్కని చూసి రాశాడు.

తిరిగి వచ్చేటప్పుడు పొలం మీదుగా వెళ్దామంది. ఆటో మాట్లాడుకున్నాం. గట్టు పక్కన ఆపించింది కానీ దిగలేదు. పలక ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజు మాటలు చాలానే ఖర్చయ్యాయి.

'బాధగా ఉంది' అని కొట్టింది.

ఇంతకు ముందయితే ఊరుకో అనేవాణ్ణి. లేకపోతే తలనొప్పి అనుకుని మాత్ర తెచ్చేవాణ్ణి. పద్నాలుగు నెలల్లో ఆమె ఎన్నిసార్లు బాధపడిందో, వాటికి నేను ఎన్ని మాత్రలు వేశానో తెలియదు. పక్కకి జరిగి కూర్చున్నాను.

"ఎంత?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్నే. అయినా అడిగాను, ఎందుకంటే ఇప్పుడు బదులు వస్తుంది.

ఆమె చేను వైపు చూసింది. ఒక్కొక్క వేలే బయలుదేరింది. నేను తొందరపెట్టలేదు. ఆటో అతను ఇంజిను ఆపేశాడు.

'నలభై ఒకటిన్నర సెంట్లంత.'